మారాము చేసే కార్లు

పిల్లలూ! ఎద్దులున్న రైతులు నలుగురు ఒకచోట చేరితే ఏం మాట్లాడుకుంటారో పల్లెటూళ్ళలో పెరిగిన వాళ్ళకు తెలిసే ఉంటుంది. "మా దాపటెద్దు వాగు కనపడితే చాలు, అడుగు వేయదు" అంటారు ఒకరు. "మాది నయం. అదిలిస్తే గాని కదలదు, కదిలిందా ఇక ఆగదు" అంటారు మరొకరు. కార్లున్నవాళ్ళు కూడా సరిగ్గా ఇంతే. ఎవరి కారు గుణం వారికి తెలుసు. దానిని గురించి చెప్పమంటే పొద్దు తెలియకుండా చెబుతారు.

ఈనాడు వీధిలో ఎన్ని రకాల కార్లు తిరుగుతున్నాయో లెక్కపెట్టడం కష్టం. మీ తాతగారి రోజుల్లో ఆ కష్టం లేదు. 1960లలో, 1970లలో మన దేశంలో కుటుంబాలవారు కొనుక్కునే కార్లు ముఖ్యంగా మూడే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు చేసిన అంబాసిడర్ ఒకటి. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు చేసిన ఫియట్ రెండవది. దీనికే 1970లలో పద్మిని అనే పేరు వచ్చింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడవది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకుంటే గాని కారు ఇంటికి వచ్చేది కాదు. అలా వచ్చిన కారును పదేళ్ళూ, ఇరవయ్యేళ్ళూ ఉంచుకునేవారు. అన్నాళ్ళు కలిసి ఉంటే మనుషుల గుణాలే కాదు, యంత్రాల గుణాలు కూడా తెలిసిపోతాయి.

ఆ రోజుల్లో ఒక పెళ్ళివారింటి ముందు, చింతచెట్టు నీడలో, ఈ మూడు కార్లూ వచ్చి ఆగాయనుకోండి. లోపల ఇంకా విస్తళ్ళు వేయలేదు. కార్లవాళ్ళు ముగ్గురూ చెట్టుకింద చేరారు. వాళ్ళ మాటలు మనమూ విందాం. వినడమే కాదు, ఒక్కొక్క మాట వెనుక ఉన్న కారణం కూడా వెతుకుదాం.

ఇంటిల్లిపాదినీ మోసే అంబాసిడర్

"మా బండిలో ముందు ముగ్గురం, వెనక నలుగురం వచ్చామండీ. పిల్లలు లెక్కలో లేరు!" అన్నారు అంబాసిడర్ పెద్దాయన.

ముందు సీటులో ముగ్గురు ఎలా పట్టారు? ఇప్పటి కార్లలో డ్రైవరుకు ఒక కుర్చీ, పక్కవారికి ఒక కుర్చీ ఉంటాయి. వాటి నడుమ గేరుకడ్డీ ఉంటుంది. అంబాసిడర్‌లో అలా కాదు. ముందు సీటు అరుగులాగా ఈ చివరనుంచి ఆ చివరకు ఒకటే. గేరుకడ్డీ నేలమీద కాక స్టీరింగు చక్రం కింద, పక్కగా పొడుచుకొని ఉండేది. నేల ఖాళీ అయింది కాబట్టి నడుమ మరొకరు కూర్చోగలిగారు.

అయితే ఈ సౌకర్యానికి వెల లేకపోలేదు. గేర్లు ఉండేది ఇంజను వెనుక ఒక పెట్టెలో. కడ్డీ ఉండేది డ్రైవరు చేతి దగ్గర. ఈ రెంటినీ కలపడానికి కొన్ని సన్నని ఊచలూ, వాటి మధ్య కీళ్ళూ కావాలి. కీళ్ళు అరిగితే ఏమవుతుంది? చెయ్యి ఒకటి చెబితే గేరు ఇంకొకటి వింటుంది. ఒక్కొక్కప్పుడు రెండు గేర్ల మధ్య బిగుసుకుపోతుంది కూడాను. అప్పుడు పెద్దాయన దిగి, బానెట్టు ఎత్తి, ఆ ఊచలను చేత్తో కదిపి, మళ్ళీ వచ్చి కూర్చునేవారు. చూసేవాళ్ళు ఇదేదో మంత్రం అనుకునేవారు. ముసలివాళ్ళ మోకాళ్ళు పట్టుకున్నట్టు ఊచల కీళ్ళు పట్టుకున్నాయి, అంతే.

పొద్దున్నే కదలని బండి

"చలికాలం తెల్లవారుజామున మా బండి కదలాలంటే చోక్ లాగాల్సిందే" అన్నారాయన. నిజమే. పెట్రోలు ద్రవరూపంలో చక్కగా మండదు. అది ఆవిరై, గాలితో కలిసినప్పుడే నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ కార్లలో పెట్రోలునూ గాలినీ కలిపే భాగం పేరు కార్బురేటరు. చలికి ఇంజను చల్లబడి ఉంటే పెట్రోలులో కొంచెమే ఆవిరవుతుంది. చోక్ లాగితే కార్బురేటరులోకి గాలి వచ్చే దారి ఇరుకవుతుంది. గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. అందులో ఆవిరైన కొద్ది పెట్రోలే మంటకు చాలుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత చోక్ వెనక్కు నెట్టడం మరిచిపోతే వెనకనుంచి నల్లటి పొగ వస్తుంది. అంటే, పెట్రోలు పూర్తిగా మండటం లేదన్నమాట.

బ్యాటరీ నీరసిస్తే మరొక ఉపాయం ఉండేది. తాళం తిప్పి, గేరు వేసి, క్లచ్చి తొక్కి పట్టుకొని, నలుగురిచేత బండిని వెనకనుంచి నెట్టించేవారు. వేగం అందుకోగానే క్లచ్చి వదిలేవారు. మామూలుగా ఇంజను చక్రాలను తిప్పుతుంది గదా? ఇక్కడ చక్రాలే ఇంజనును తిప్పుతాయి. బ్యాటరీ తన మోటారుతో చేయవలసిన పనిని నలుగురి కండలు చేశాయన్నమాట. పాత బండ్లకు ముందువైపునుంచి దూర్చి తిప్పే ఇనుప హ్యాండిలు కూడా ఉండేది. దానిని పట్టుకునేటప్పుడు బొటనవేలిని చుట్టూ తిప్పకుండా మిగతా వేళ్ళ పక్కనే ఉంచమని డ్రైవర్లు నేర్పేవారు. ఇంజను ఎదురు తన్నితే హ్యాండిలు చేతిలోనుంచి జారిపోవాలి గాని, చేతిని విరవకూడదు!

ఫియట్ ఎందుకు ఆగింది?

ఇప్పుడు ఫియట్ ఆయన వంతు. "మా బండి బంగారం. కాని ఎండాకాలంలో ఒక చిక్కు ఉందండీ. నలభై మైళ్ళు ఆగకుండా వస్తుంది. కాఫీ తాగుదామని పది నిమిషాలు ఆపామా, ఇక కదలనని మొండికేస్తుంది. అరగంట పోయాక తనంతట తానే కదులుతుంది" అన్నారు.

దీనికి చెట్టుకింద మూడు కారణాలు చెప్పారు. "ఆ ఊరి పెట్రోలు కల్తీ అయి ఉంటుంది" అన్నారు ఒకరు. "బండికి అలుపు వచ్చి ఉంటుంది" అన్నారు ఇంకొకరు. "దిష్టి తగిలింది, నిమ్మకాయలు కట్టండి" అన్నారు వంటవాళ్ళ దగ్గరనుంచి వచ్చిన ఒక ముసలమ్మగారు.

పిల్లలూ, మీరేమంటారు? తొందరపడకండి. కారణం వెతికేవాడు ముందుగా ఏం చేయాలి? చెప్పిన ప్రతి కారణాన్నీ జరిగినదాని పక్కన పెట్టి చూడాలి. పెట్రోలు కల్తీదైతే నలభై మైళ్ళు ఎలా వచ్చింది? అలుపైతే పరుగెత్తేటప్పుడు ఆగాలి గాని, విశ్రాంతి తీసుకున్నాక ఆగడమేమిటి? దిష్టి అయితే చలికాలంలో ఎందుకు తగలదు? మూడూ నిలవలేదు. మిగిలినవి ఇవి: ఎండాకాలంలోనే ఆగుతుంది, ఆపిన తరువాతనే ఆగుతుంది, చల్లబడితే కదులుతుంది. అంటే ఇది వేడి చేసే పని.

ఆ వేడి ఏం చేసిందో చూడండి. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక ద్రవాల మిశ్రమం. అందులో తేలికైనవి 40 డిగ్రీలకు అటూ ఇటూగానే మరగనారంభిస్తాయి. ఫియట్‌లో పెట్రోలు తోడే పంపు ఇంజనుకే అంటుకొని ఉండేది. కారు నడుస్తున్నంతసేపూ ఎదురుగాలీ, పంకా కలిసి దానిని చల్లబరుస్తాయి. కారు ఆగగానే పంకా ఆగుతుంది, గాలి ఆగుతుంది, రేడియేటరు నీటి ప్రవాహం ఆగుతుంది. ఇంజనులోని వేడి మాత్రం ఎక్కడికీ పోదు. అది మెల్లగా పంపుకూ, గొట్టాలకూ పాకుతుంది. అందుచేత నడిచేటప్పటికంటే ఆపిన తరువాతనే అక్కడ వేడి పెరుగుతుంది! గొట్టంలోని పెట్రోలు ఆవిరి బుడగలవుతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. ఎన్నిసార్లు నొక్కినా ఆవిరి అక్కడే నలిగి, మళ్ళీ వ్యాకోచిస్తుందే గాని ముందుకు సాగదు.

నమ్మకం కలగకపోతే మీరే చూడవచ్చు. సూది లేని కొత్త సిరంజి ఒకటి పెద్దవాళ్ళను అడిగి తీసుకోండి. దాని నిండా నీళ్ళు తీసి, మూతిని వేలితో మూసి నొక్కండి. కదలదు. నీళ్ళు పారబోసి, గాలి నింపి, అలాగే నొక్కండి. లోపలికి పోతుంది, వదిలితే మళ్ళీ వెనక్కు వస్తుంది. ఫియట్ పంపుకు వచ్చిన చిక్కు అదే.

మరి ఫియట్ వారు ఏం చేసేవారు? ఒక గుడ్డను తడిపి పంపుమీద వేసేవారు. నీరు ఆవిరవుతూ ఆ పంపులోని వేడిని తనతో తీసుకుపోతుంది. కూజాలో నీళ్ళు ఎండలో కూడా చల్లగా ఉండేది ఇందుకే గదా! కూజా వెనుక ఉన్న శాస్త్రమే కారును కదిలించింది. ఆ గుడ్డ కారులో ఎప్పుడూ ఒక మూల ఉండేది. ఇంటివాళ్ళు దానిని బల్ల తుడవడానికి తీసుకుపోతే యజమానికి కోపం వచ్చేది.

గిర్రున తిరిగే హెరాల్డ్

హెరాల్డ్ ఆయన అంతవరకూ నవ్వుతూ కూర్చున్నారు. "మీ బండ్లు ఈ సందులో వెనక్కు తిరగడానికి ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ పోవాలి? మాది చూడండి" అన్నారు. హెరాల్డ్ ముందు చక్రాలు చాలా దూరం మళ్ళేవి. 25 అడుగుల వలయంలో, అంటే ఏడున్నర మీటర్లకు కొంచెం ఎక్కువలో, అది గుండ్రంగా తిరిగి వచ్చేది. ఇప్పటి చిన్నకార్లు కూడా చాలావరకు ఇంత ఇరుకులో తిరగలేవు.

దాని రెండవ వింత బానెట్టు. మూతలాగా పైకి లేచేది కాదు. ముందు మడ్‌గార్డులతో సహా ముఖమంతా ముందుకు ఒరిగేది. అప్పుడు ఇంజనూ, ముందు చక్రాలూ అన్నీ బయటపడేవి. చక్రంమీదనే కూర్చొని ఇంజను బాగుచేసుకోవచ్చు. మూడవ వింత వెనుక చక్రాలు. అవి రెండూ దేనికది విడిగా ఊగేవి. మనుషులు నిండా ఎక్కితే చక్రాలు కాళ్ళు చాచినట్టు కింద విచ్చుకునేవి. జాకీ పెట్టి లేపితే కాళ్ళు ముడుచుకున్నట్టు లోపలికి వాలేవి. గతుకుల్లో ఇది కొంత మేలే. కాని మలుపులో మరీ వేగంగా పోతే చక్రం పట్టు తప్పే ప్రమాదం ఉండేది. అందుచేత తెలిసినవాళ్ళు మలుపుకు ముందే వేగం తగ్గించేవారు.

ఏ గుణాన్ని భరించవచ్చు?

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. కార్ల గుణాలన్నీ నవ్వుకోవడానికి కావు. గేరు పట్టేస్తే ఆలస్యమవుతుంది. పంపు మొండికేస్తే ఇంకో కాఫీ తాగాలి. వీటిని భరించవచ్చు. మనిషికి దెబ్బ తగిలే గుణాన్ని మాత్రం భరించకూడదు.

తొలినాటి ఫియట్లలో ముందు తలుపులు వెనుకవైపు బందులతో ఉండేవి. ఎక్కడానికి, దిగడానికి ఎంతో వీలు. చీరకట్టుకున్న పెద్దవాళ్ళు సుఖంగా దిగేవారు. కాని నడిచే కారులో ఆ తలుపు కొంచెం తెరుచుకుంటే ఏమవుతుంది? ఎదురుగాలి దూరి, గొడుగును తిరగేసినట్టు, తలుపును విరిచేస్తుంది. మామూలు తలుపునైతే అదే గాలి మూస్తుంది. ఆ తరువాత ఫియట్ తలుపులు మార్చారు. అలాగే ముందు సీటులో ముగ్గురు, ఒడిలో పిల్లవాడు! వినడానికి ముచ్చటగా ఉంది. కాని గట్టిగా బ్రేకు వేస్తే కారు ఆగుతుంది, లోపలివాళ్ళు ఆగరు. కారు వేగమే వాళ్ళకూ ఉంటుంది కాబట్టి ముందుకు పోతారు. ఒడిలోని బిడ్డను ఎంత బలవంతుడైనా పట్టి ఆపలేడు. ఇప్పుడు సీటుకొక బెల్టు వచ్చింది. పిల్లలు వెనుక సీటులో, తమకు తగిన బెల్టుతో కూర్చోవాలి.

కొండ ఎక్కేటప్పుడు పాత కార్ల రేడియేటరు మరిగి బుసకొట్టేది. తిరుమల కొండ రోడ్డుమీద బానెట్లు ఎత్తిన అంబాసిడర్లను చూసినవాళ్ళు మీ ఇళ్ళలోనే ఉంటారు. ఇంజను బరువు లాగుతుంది, కారు నెమ్మదిగా పోతుంది, ఎదురుగాలి చాలదు. అందుకని డిక్కీలో నీళ్ళ డబ్బా తప్పదు. అయితే మరిగే రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి ఎక్కువ. ఒత్తిడి ఎక్కువైతే నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖంమీదికి చిమ్ముతుంది. ప్రెషర్ కుక్కరు మూతను అమ్మ ఎందుకు వెంటనే తీయదో ఇప్పుడు తెలిసిందా?

కొత్త కార్లు, కొత్త గుణాలు

1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కార్లు ఢిల్లీలో యజమానుల చేతికి వచ్చాయి. నాలుగు సిలిండర్లకు బదులు మూడే సిలిండర్లు. అంబాసిడర్‌లో ఇంజను ముందూ, అది తిప్పే చక్రాలు వెనకా ఉండేవి. వాటిని కలపడానికి కింద పొడుగాటి ఇనుప కడ్డీ ఉండేది. మారుతిలో ఇంజను ముందు చక్రాలనే తిప్పింది. కడ్డీ లేదు, దాని బరువూ లేదు. పాతకార్లవాళ్ళు మొదట "ఇదేం కారు, అగ్గిపెట్టె!" అన్నారు. తరువాత వాళ్ళే కొన్నారు.

2000 ప్రాంతాలనుంచి మన కార్లలో కార్బురేటరు పోయింది. సన్నని రంధ్రాలగుండా, కొలతప్రకారం, పెట్రోలును చిమ్మే పద్ధతి వచ్చింది. కొలత చూసేది ఒక చిన్న కంప్యూటరు. చోక్ లాగే పని దానిదే. పంపు వేడి ఇంజను దగ్గరనుంచి పెట్రోలు ట్యాంకులోకి మారింది. అది గొట్టంలో ఒత్తిడి పెంచుతుంది. ఒత్తిడి పెరిగితే పెట్రోలు అంత సులభంగా మరగదు. రేడియేటరులో చూసిన సూత్రమే ఇక్కడ మనకు మేలు చేసింది! తడిగుడ్డకు సెలవు దొరికింది.

పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగింది. బొంబాయి వీధుల్లో టాక్సీగా దాని చివరి ప్రయాణం 2023 అక్టోబరులో ముగిసింది. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనూ, అంబాసిడర్ తయారీ అదే ఏడు మే నెలలోనూ ఆగాయి. కొందరు ఇప్పటికీ ఆ పాతబండ్లను తుడిచి, నూనె వేసి, పండుగనాడు బయటికి తీస్తుంటారు.

కొత్త కారుకు గుణాలు లేవనుకోకండి. నిశ్శబ్దంగా, బిగుతుగా, అందంగా ఉండే ఆ కారుకు ఒక గుణం ఉంది. పాతకారుకూ ఉంది. అన్నిటికంటే చెడ్డది అదే. అద్దాలు మూసి ఎండలో నిలిపితే అది పొయ్యి అవుతుంది. ఎండ అద్దంగుండా లోపలికి వస్తుంది. సీట్లు వేడెక్కుతాయి. వేడెక్కిన గాలికి బయటికి పోయే దారి లేదు. బయట 35 డిగ్రీలుంటే లోపల 50 దాటుతుంది. దానికి రోజంతా అక్కరలేదు. పావుగంటలోనే ప్రాణాపాయం మొదలవుతుంది. వెనుక తలుపులకు పిల్లల కోసం పెట్టిన తాళం పడి ఉంటే లోపలనుంచి అవి తెరుచుకోవు. 2025 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లోనే, ఆగి ఉన్న కారులో ఆడుకోబోయిన నలుగురు పిల్లలు ఇలాగే చనిపోయారు. వాళ్ళు మీ ఈడువాళ్ళే.

కాబట్టి ఈ నాలుగు మాటలూ కంఠస్థం చేయండి. ఆగి ఉన్న కారు ఆటస్థలం కాదు. తమ్ముళ్ళనూ, చెల్లెళ్ళనూ ఒక్క నిమిషమైనా మూసిన కారులో వదలనీయకండి. పెద్దవాళ్ళు మరిచిపోతే మీరు గుర్తుచేయండి. ఎప్పుడైనా లోపల చిక్కుకుంటే ముందు సీటులోకి పోయి ముందు తలుపు పిడి లాగండి. అది రాకపోతే హారను నొక్కుతూనే ఉండండి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా అది మోగుతుంది.

ఈ నెలలో మీకొక పని. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని కారున్న పెద్దవాళ్ళ దగ్గరకు పోయి, "మీ కారు గుణం ఏమిటండీ?" అని అడగండి. వాళ్ళు సంతోషంగా చెబుతారు. చెప్పింది రాసుకొని, దాని కింద రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎందుకు జరుగుతున్నది? దీనివల్ల ఎవరికైనా హాని ఉన్నదా? మొదటి దానికి జవాబు దొరకడానికి నాలుగు రోజులు పట్టినా పరవాలేదు. రెండవదానికి ఉన్నదని జవాబు వస్తే మాత్రం ఆ రోజే పెద్దవాళ్ళకు చెప్పండి.